నలుగురు రాజుల ఆటలో కిరాయి దండు: ఎవరి పక్షమూ కాని అయిదో ఆటగాడికి రూల్స్

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమయ్యేలా. విజయనగరంలో అయిదుగురు మిత్రులు కలిసి ఒక ఫాంటసీ యుద్ధం ఆట సొంతంగా తయారుచేసుకున్నారు. మ్యాపు మన ఉత్తరాంధ్ర ఆకారంలోనే గీశారు. సముద్రం ఒడ్డున తీరరాజ్యం, నాగావళి గట్టున ఒకటి, వంశధార గట్టున ఒకటి, పడమట కొండరాజ్యం. నలుగురు రాజులు, అయిదో మనిషి ఏ రాజ్యమూ లేని కిరాయి దండు నాయకుడు. మొత్తం 36 గడులు, 12 రౌండ్లు. రాజుకు మొదట 6 గడులు, 8 మంది సైనికులు, ఒక్కొక్కరి బలం 1. గడికి రౌండుకు 1 వరహా, రాజధానికి అదనంగా 2, రేవు గడికి 3. ఇద్దరు సైనికుల పోషణకు 1 వరహా. యుద్ధంలో ఇరుపక్షాలూ తమ బలానికి ఒక పాచిక కలుపుకుంటారు, ఎక్కువొచ్చినవాడిది గెలుపు, సమానమైతే కాపలావాడిది. దండుకు బలం 10, ఆట చివర అందరికన్నా ఎక్కువ డబ్బుంటే దండు గెలిచినట్టు.

సమస్య ఏమిటంటే, దండు ఒక రాజు పక్కన చేరిందంటే ఆట అక్కడితో సరి. చేరకపోతే అయిదో మనిషి పూటంతా ఊరికే కూర్చుంటున్నాడు. పైగా ఒప్పుకున్న పని మధ్యలో వదిలేయొచ్చా లేదా అన్న దగ్గర ప్రతిసారీ గొడవ.

"దండు తటస్థంగా ఉండాలి" అని రూల్‌బుక్కులో రాసినంత మాత్రాన ఎవరూ అలా ఉండరు. స్నేహితుడి వైపు మొగ్గుతారు, లేదా ముందున్నవాడి వెనక నడుస్తారు, లేదా గోడ మీద పిల్లిలా చివరిదాకా కూర్చుంటారు. దండు నిజంగా మధ్యలో నిలవాలంటే దాన్ని రెండు వైపుల నుంచీ లాగాలి. డబ్బు ముందున్న రాజు వైపు లాగాలి, గెలుపు షరతు వెనకబడ్డ రాజుల వైపు లాగాలి. కింద చెప్పే ప్రతి అంకె ఈ రెండు లాగుళ్లనూ సరిసమానంగా ఉంచడానికే.

ముందు బలం సంగతి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. బలాలు సమానమైతే దాడిచేసినవాడు గెలిచేవి 15, ఓడేవి 15, సమానంగా పడేవి 6. బలం 2 ఎక్కువైతే గెలిచేవి 26. మూడు ఎక్కువైతే 30, నాలుగైతే 33, అయిదైతే 35. ఆరు ఎక్కువైతే పాచిక వేయడమే దండగ, ఎందుకంటే రెండు పాచికల మధ్య తేడా 5 దాటదు. మీ దండు బలం 10. అది చేరిన రాజుకు 18, ఎదుటివాడికి 8. ఆట అక్కడే అయిపోతోందని మీరు అన్నది ఇందుకే, అది ఆడేవాళ్ల తప్పు కాదు.

కాబట్టి దండును నాలుగు పటాలాలుగా విడగొట్టండి. ఒక్కో పటాలం బలం 2. ఒక యుద్ధంలో ఒక పక్షం ఒక్క పటాలాన్నే దింపాలి. అప్పుడు పటాలాన్ని కూలికి పెట్టుకున్న రాజు గెలిచే అవకాశం 36లో 15 నుంచి 26కి పెరుగుతుంది. డబ్బు పెట్టడానికి ఇది చాలు, ఎదుటివాడి చేతులు పూర్తిగా కట్టేసేంత కాదు. రాజధాని ముట్టడికి మాత్రం రెండు పటాలాలు అనుమతించవచ్చు, రెండోదానికి రెట్టింపు ధర.

నాలుగు పటాలాలూ ఒకేలా ఉంటే బోరు కొడుతుంది. ఈటెల పటాలం కాపలా పనిలో ఉన్నప్పుడు బలం 3. రౌతుల పటాలం రౌండుకు 3 గడులు కదులుతుంది, మిగతావి 2. విలుకాళ్లు యుద్ధానికి ముందు ఒక పాచిక వేస్తారు, 6 పడితే ఎదుటి సైనికుడు ఒకడు పోతాడు. మాంత్రికుల పటాలం ఆ యుద్ధంలో ఒక్క మంత్రాన్ని రద్దు చేస్తుంది. ఇంతకు మించి శక్తులు పెట్టకండి. గండభేరుండాలూ శరభాలూ రాజులకే వదిలేయండి. దండు దగ్గర ఎవరికీ లేని మృగం ఒకటి ఉందంటే రాజులు పని చూసి కాక మృగాన్ని చూసి ధర కడతారు, ధరల లెక్కంతా తప్పిపోతుంది.

ఇక ధర. దీన్ని ఊహతో పెట్టకూడదు. నాలుగో రౌండులో మామూలు గడి ఒకటి గెలిస్తే అది ఇంకా 8 రౌండ్లు ఆదాయమిస్తుంది, అంటే 8 వరహాలు. పటాలం వల్ల పెరిగే అవకాశం 36లో 11. ఎనిమిదిలో ఆ వంతు సుమారు 2.4. అదే రేవు గడి అయితే 24 వరహాలు, అందులో ఆ వంతు 7.3. కనీస ధర రౌండుకు 3 పెట్టండి. మామూలు గడి కోసం పిలిస్తే చిన్న నష్టం, రేవుకో రాజధానికో కనుమకో పిలిస్తే లాభం. రాజు ఆలోచించి పిలవాల్సి వస్తుంది, అదే కావాలి మనకి. ధర 2కి దించితే ప్రతివాడూ ప్రతి రౌండూ పిలుస్తాడు, పటాలం అరువు సైనికుడిగా మిగిలిపోతుంది. ఐదుకి పెంచితే రాజుకు అందదు: మొదట్లో రాజు ఆదాయం 8, సైన్యం పోషణ 4, చేతిలో మిగిలేది 4.

ఎక్కువ గడులున్న రాజుకు మాత్రం కనీస ధర 5. ముందున్నవాడు ఎవరో రౌండు మొదట్లో గడులు లెక్కపెట్టి తేల్చాలి. ఇద్దరు సమానంగా ముందుంటే ఇద్దరికీ 5. దీన్ని పాయింట్ల మీద పెట్టొద్దు. పాయింట్లను దాచుకోవచ్చు, ఒక రౌండు ఆలస్యంగా తీసుకోవచ్చు. గడి మాత్రం బోర్డు మీద అందరికీ కనిపిస్తుంది.

దండుకు ఖర్చు కూడా ఉండాలి. పటాలానికి రౌండుకు 1 వరహా తిండి ఖర్చు, పని ఉన్నా లేకపోయినా. మొదట పెట్టెలో 8 వరహాలు. నాలుగూ ఖాళీగా కూర్చుంటే రెండు రౌండ్లలో పెట్టె ఖాళీ. రెండు పటాలాలకు పని దొరికితే రౌండుకు 2 మిగులు, మూడింటికి దొరికితే 5. ఊరికే కూర్చునే జబ్బు ఈ ఒక్క రూల్‌తో పోతుంది.

రౌండు నడిచే వరస ఇది: ఆదాయం, పోషణ, చీటీలు, కదలికలు, యుద్ధాలు, బాకీ చెల్లింపు. చీటీల దగ్గర ప్రతి రాజూ తనకు ఏ పటాలం కావాలో, ఏ పనికో, ఎంతకో రాసి మడిచి ఇస్తాడు. గట్టిగా అరిచే వేలంపాట పెట్టకండి. డబ్బున్నవాడే ప్రతిసారీ గెలుస్తాడు, సమయం కూడా తినేస్తుంది. మడిచిన చీటీలు విప్పాక నాయకుడు ఎక్కువ ధరే ఒప్పుకోవాలని లేదు, తక్కువదీ తీసుకోవచ్చు, అన్నీ తిరగ్గొట్టొచ్చు. ఆలోచనకు మూడు నిమిషాలు చాలు.

చీటీలో ఇవి తప్పనిసరిగా ఉండాలి:

రాజు: కొండ
పటాలం: ఈటెలు
పని: కనుమ గడి కాపలా
గడువు: 1 రౌండు
కూలి: 3
బయానా: 2, బాకీ: 1
పటాలం నాశనమైతే: 3

గడువు 3 రౌండ్లు మించకూడదు. బయానా కూలిలో సగం, సగం తెగకపోతే పైకి. పని అంటే గడి పేరు రాయాల్సిందే. "అవసరమైన చోట సాయం" లాంటి చీటీ చెల్లదు. మీ గొడవల్లో సగం ఇలాంటి చీటీల వల్లే వచ్చి ఉంటాయి, ఎందుకంటే ఏది మాట తప్పడమో తేల్చడానికి రాతలో ఏమీ లేదు. ఏ రాజు ఏ పటాలాన్ని పెట్టుకున్నాడో అందరికీ చెప్పాలి. గడి పేరు మాత్రం యుద్ధం దాకా నాయకుడికీ ఆ రాజుకీ మధ్యే ఉండాలి.

రాతలో ఏముండాలో, ఏముంటే కొంప ముంచుతుందో చూపించే ఉదాహరణ మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల మీదికి ఈస్టిండియా కంపెనీ సేనను పిలిపించుకున్నాడు. ఆ సేన నాయకుడు కర్నల్ ఫోర్డ్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం సేన ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు, అధికారులకు 6,000. దొరికిన సొత్తు చెరిసగం. గెలిచిన లోపలి భూములు రాజుకి, రేవులు కంపెనీకి. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో గెలిచారు. గెలిచాక పైకం అందక ఫోర్డ్ ముందుకు సాగలేక వారాల తరబడి ఆగిపోయాడు. ఫ్రెంచివాళ్ల మచిలీపట్నం కోట చేతికొచ్చేసరికి 1759 ఏప్రిల్ అయింది. మీ ఆటకు ఇందులోంచి రెండు రూల్స్ వస్తాయి. ఒకటి, కూలంతా గెలిచాక ఇస్తానంటే ఒప్పుకోకూడదు, బయానా ముందే చేతికి రావాలి. రెండోది ఇంకా ముఖ్యం: దండుకు భూమి ఇవ్వకూడదు. రేవులు పుచ్చుకున్న కూలిసేన చివరికి ఈ ప్రాంతానికి ఏలికైంది. మీ ఆటలో కూడా ఒక్క గడి దండు పేరిట పెట్టినా, దానికి కాపాడుకోవాల్సిన హద్దు పుడుతుంది, పక్క రాజుతో వైరం పుడుతుంది, అయిదో రాజ్యం తయారవుతుంది.

భూమి బదులు విడిది ఇవ్వండి. మ్యాపులో నాలుగు సంత గడులు పెట్టి వాటిని ఏ రాజూ ఆక్రమించకూడదని రాయండి. పని లేని పటాలాలు అక్కడే ఉంటాయి. విడిది దారికి అడ్డం కాకూడదు, రాజుల సైన్యాలు ఆ గడిలోంచి నడిచి వెళ్లొచ్చు. లేకపోతే నాయకుడు కనుమ దగ్గర సంతలో పటాలాన్ని కూర్చోబెట్టి డబ్బు తీసుకోకుండానే ఒక రాజ్యానికి గోడ కట్టేస్తాడు. విడిదిలో ఉన్న పటాలం మీద రాజు దాడి చేయొచ్చు, కానీ ఆపైన 3 రౌండ్లు చీటీ వేయకూడదు.

సంతలు ఎక్కడ పెడతారన్నది మీ మ్యాపులో చాలా తేడా తెస్తుంది. నది దాటితే ఆ రౌండు కదలిక ముగిసిపోతుందని మీ రూల్. నాగావళికీ వంశధారకూ మధ్య ఉన్న నేలలోనే సంతలన్నీ పెడితే ఆ రెండు రాజ్యాలకే పటాలం మొదటి రౌండులో అందుతుంది, కొండకూ తీరానికీ ఒక రౌండు ఆలస్యం. రెండు సంతలు నదుల మధ్య, ఒకటి నాగావళికి పడమట కొండ దిగువన, ఒకటి తీరం వెంట పెట్టండి. ఏ రాజధాని నుంచైనా ఒక సంత రెండు గడుల లోపే, నది అడ్డం లేకుండా ఉండాలి. అంతకన్నా దూరం నుంచి పిలిస్తే ప్రయాణానికే పోయే రౌండుకు 1 వరహా కూలి మాత్రమే.

ఇప్పుడు కట్టుబాట్లు. మొదటిది ఉప్పు కట్టుబాటు: ఒక రాజు దగ్గర పని ముగించిన పటాలం తర్వాతి రౌండులో ఆ రాజు మీద దాడి పని ఒప్పుకోకూడదు. ఆ పటాలాన్ని ఆ రాజే వెంటనే మళ్లీ పెట్టుకోకూడదు కూడా. ఒక రౌండు ఎడం ఉండాలి, లేదా వేరే పటాలాన్ని పెట్టుకోవాలి. ఈ రెండో సగం లేకపోతే గడువు 3 రౌండ్లు అన్న హద్దుకు అర్థం ఉండదు, చీటీలు మార్చుకుంటూ పటాలాన్ని ఆట పొడుగునా కట్టేసుకుంటారు.

రెండో కట్టుబాటు ఎదురెదురు పనుల గురించి. రెండు పటాలాలు శత్రు రాజుల దగ్గర పనిచేయొచ్చు, కానీ ఒకే గడిలో ఎదురుపడకూడదు. చాలామంది ఇక్కడ "ఎదురుపడితే రెండూ తప్పుకుంటాయి" అని రాసి వదిలేస్తారు. దాన్ని రాజులు ఇట్టే పట్టేస్తారు. 3 వరహాలకు ఒక పటాలాన్ని రాజధానిలో కూర్చోబెడితే శత్రువు కొన్న పటాలం దానంతటదే రద్దు. అందుకని బాధ్యత నాయకుడి మీద పెట్టండి: ఒకే గడి పేరుతో రెండు వైపుల నుంచి చీటీలొస్తే ఒకటే తీసుకోవాలి, రెండోది "వద్దు" అని తిరగ్గొట్టాలి, కారణం చెప్పకూడదు. ధర తక్కువైనా, మరేదైనా అదే "వద్దు" కాబట్టి తిరిగొచ్చిన చీటీ చూసి శత్రువు ఎటు వస్తున్నాడో రాజు కచ్చితంగా ఊహించలేడు. నాయకుడు ఎవరి చీటీ ఎవరికీ చూపించకూడదు. ఒకసారి చూపించనిస్తే రాజులు గడి పేర్లు రాయడం మానేస్తారు. వేగు పని కావాలంటే విడిగా పెట్టండి: 2 వరహాలకు ఒక గడిలోని సైనికుల లెక్క చూసి చెప్పడం, అంతే.

కూలి పటాలాన్ని కదిలించేది రాజే. అయితే బాడుగ ఎడ్ల మీద బరువు ఎక్కువేసినట్టు ప్రతి రాజూ దాన్నే ముందు వరసలో తోస్తాడు, తన సైనికుల్ని దాచుకుంటాడు. దీనికి మూడు అడ్డుకట్టలు. నష్టాల్లో మొదటి బిళ్ళ ఎప్పుడూ రాజుదే పోవాలి, పటాలానికి వంతు రెండోసారి నుంచే. పనిలో ఉండగా పటాలం నాశనమైతే రాజు 3 వరహాలు ఇవ్వాలి, కొత్త పటాలానికి దండుకయ్యే 6లో అది సగం. ఇక తమ పక్షం బలం ఎదుటివాళ్ల కన్నా 3 లేదా అంతకన్నా తక్కువ ఉన్నచోట, పాచిక వేయకముందే పటాలాన్ని వెనక్కి తీసే హక్కు నాయకుడికి ఉంటుంది. దాడిలో 3 తక్కువైతే గెలిచేవి 36లో 3 మాత్రమే. అలా వెనక్కి తీయడం మాట తప్పినట్టు కాదు, బయానా తిరిగివ్వక్కర్లేదు, బాకీ మాత్రం రాదు.

మాట తప్పడం గురించి మీరు అడిగినదానికి: తప్పనివ్వండి, కానీ ఖరీదు ఉండాలి. దానికి 0 నుంచి 6 దాకా "మాట" అని ఒక పట్టీ గీయండి, మొదలు 3. చీటీ ప్రకారం పని పూర్తిచేస్తే 1 పెరుగుతుంది, రౌండుకు ఒక్కసారే. పనికి వెళ్లకపోతే 2 తగ్గుతుంది. యుద్ధం మధ్యలో పక్షం మారిస్తే 3 తగ్గుతుంది, బయానా రెట్టింపు తిరిగివ్వాలి. మాట 2 నుంచి 4 మధ్య ఉన్నంతసేపు కనీస ధర 3. ఐదు, ఆరు ఉంటే 4 అడగొచ్చు. సున్నా, ఒకటికి పడితే 2 మించి అడగకూడదు, బయానా కూడా లేదు. రౌండుకు మూడు పటాలాలకు పని దొరుకుతుందనుకుంటే, ఒక మెట్టు దిగడమంటే రౌండుకు 3 వరహాల నష్టం. నాలుగో రౌండులో మాట తప్పితే ఆట ముగిసేసరికి 24 పోతాయి, పదకొండో రౌండులో తప్పితే 3 మాత్రమే.

ఆఖరి రౌండులో ద్రోహం ఎప్పుడూ లాభమే అన్నది ఈ లెక్కలోనే కనిపిస్తోంది కదా. అందుకని ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలియకూడదు. పదో రౌండు చివర పాచిక వేయండి, 1 లేదా 2 పడితే ఆట అయిపోయినట్టు. పదకొండో రౌండు చివర 1 నుంచి 4 దాకా ఏది పడినా అయిపోయినట్టు. లేకపోతే 12 దాకా. తొమ్మిది ఆటల్లో సగటున మూడు పదో రౌండుతో, నాలుగు పదకొండుతో, రెండు పన్నెండుతో ముగుస్తాయి. ఈ అనుమానం ఒక్కటే నాయకుడిని నిలబెడుతుంది.

రాజు బాకీ ఎగ్గొడితే? అరుపులు లేకుండా బోర్డు మీదే తేల్చండి. బాకీ ఉన్న రాజు గడుల్లో ఒకదాన్ని నాయకుడు జప్తు పెడతాడు, ఆ గడి ఆదాయం బాకీ తీరి ఇంకో వరహా వచ్చేదాకా దండుకే. గడి మాత్రం రాజుదే. అంతవరకు ఆ రాజు చీటీ వేయకూడదు. దండు తానే పటాలాలకు తిండి పెట్టలేకపోతే రెండే దారులు: పటాలాన్ని రద్దు చేసుకోవాలి, లేదా ఏదో ఒక రాజ్యపు గడిని దోచుకుని 2 వరహాలు తెచ్చుకోవాలి. దోపిడీ జరిగిన గడి ఒక రౌండు ఆదాయమివ్వదు, దండుకు మాట 1 తగ్గుతుంది. ఈ రూల్ గాల్లోంచి పుట్టింది కాదు. క్రీ.పూ. 241లో రోమ్‌తో మొదటి యుద్ధం ముగిశాక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ రాజ్యం కిరాయి సేనకు జీతాలు సరిగా ఇవ్వక, అదే సేనతో మూడేళ్లకు పైగా పోరాడాల్సి వచ్చింది. జీతం అందని దండు వల్ల దాన్ని పెట్టుకున్నవాళ్లకే ముందు ప్రమాదం అన్న భయం మీ రాజులకూ ఉండాలి.

మా జోలికి రావద్దని ఇచ్చే పైకం కూడా పెట్టుకోవచ్చు. ఇటలీ నగరాలు ఇలాగే బతికాయి. 1375లో ఫ్లోరెన్స్ నగరం హాక్‌వుడ్ అనే ఇంగ్లీషు దండు నాయకుడికి తమ మీద పడకుండా ఉండటానికి 1,30,000 ఫ్లోరిన్లు (బంగారు నాణేలు) ఇచ్చింది. ఆటలో దీని ధర కనీస ధరకు 1 ఎక్కువ, అంటే 4. ఒక పటాలం ఆ రౌండు ఆ రాజు మీద దాడి చేయదు, వేరే పని చేసుకోవచ్చు. ఒక్కో రాజుకు ఆట మొత్తంలో రెండుసార్లు మించి వద్దు, లేకపోతే ధనవంతుడు ఆట పొడుగునా కవచం కొనుక్కుంటాడు.

మంత్రాల దగ్గర ఒక్క జాగ్రత్త. వశీకరణం వేసి కూలి పటాలాన్ని లాక్కుంటే అది ఆ ఒక్క యుద్ధానికే. నాయకుడి మాట తగ్గదు, పెట్టుకున్న రాజు ఆ రౌండు బాకీ ఇవ్వక్కర్లేదు. ఒక గడి నుంచి ఇంకో గడికి మాయమై దూకే మంత్రం పటాలాల మీద పనిచేయకూడదు, దూరాన్ని బట్టి పెట్టిన ధరలన్నీ వృథా అవుతాయి.

ఇక దండు ఎలా గెలవాలి. ఎక్కువ డబ్బున్నవాడే గెలుస్తాడన్న మీ పాత షరతు తీసేయండి. అది నాయకుడిని ధనవంతుడైన రాజు గుమ్మంలోనే కట్టేస్తుంది. దాని బదులు ఈ నాలుగూ కలిసి ఉండాలి: పెట్టెలో 35 వరహాలు, మాట 4 లేదా ఎక్కువ, ఆటలో కనీసం ముగ్గురు రాజుల పని పూర్తిచేసి ఉండటం, మొదటి రాజుకూ రెండో రాజుకూ మధ్య తేడా 3 గడులు మించకపోవడం. నాలుగూ ఉంటే దండు ఒక్కటే గెలుస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా ఎక్కువ గడులున్న రాజు గెలుస్తాడు. రాజుతో కలిసి గెలవడం అనే మాటే ఉండకూడదు. కలిసి గెలవొచ్చని రాస్తే రెండో రౌండుకల్లా జతకట్టేస్తారు.

అయిదో రౌండు ఒకటి వేసి చూద్దాం. గడులు: తీరం 9, నాగావళి 7, వంశధార 6, కొండ 5. రెండో పటాలం పోయిన రౌండులోనే కొండ దగ్గర పని ముగించింది. చీటీలు: తీరం 6 వరహాలు, నాగావళి రాజ్యపు రేవు మీద దాడికి. నాగావళి 3, తన రాజధాని కాపలాకి. వంశధార 4, కొండ కనుమ మీద దాడికి. కొండ 3, అదే కనుమ కాపలాకి.

తీరం వేసింది తెలివైన పాటే: ఇంకా 7 రౌండ్లు, రేవు 3 చొప్పున 21, అందులో 36కి 11 వంతు సుమారు 6.4. అయితే తీరం గెలిస్తే 10 గడులు, నాగావళి 6కి దిగుతుంది, తేడా 4 అవుతుంది, దండు గెలుపు షరతు దాటిపోతుంది. అయిదో రౌండులో ఇది ఫరవాలేదు, సరిచేసుకోవడానికి సమయం ఉంది. తొమ్మిదో రౌండులో ఇదే చీటీ వస్తే తిరగ్గొట్టాలి.

వంశధారా కొండా ఒకే గడి రాశాయి, ఒకటే తీసుకోవాలి. వంశధార 1 వరహా ఎక్కువిస్తోంది, పైగా అది 7కి పెరిగితే తీరంతో తేడా 3కే ఆగుతుంది. చూడ్డానికి అదే మేలు. కానీ కొండ పద్దు చూడండి: 5 గడులకు ఆదాయం 7, పోషణ 4, మిగిలేది సరిగ్గా 3, ఒక పటాలం కూలి. కనుమ పోయి 4 గడులైతే మిగిలేది 2, ఇక కొండ చీటీ వేయలేదు. దండుకు ఒక గిరాకీ శాశ్వతంగా పోయినట్టు, పాట పాడేవాళ్లు ముగ్గురైతే మిగతావాళ్ల ధరలు కూడా దిగుతాయి. కాబట్టి నేనైతే కొండ చీటీయే తీసుకోమంటాను. రెండో పటాలాన్ని పంపకూడదు, ఇప్పుడే అక్కడి పని ముగించింది. ఈటెలవాళ్లను పంపితే కాపలాలో బలం 3. తీరం, నాగావళి, కొండ కలిపి 12 వరహాలు, అందులో బయానాలు 3, 2, 2, మొత్తం 7 ముందే చేతికి. తిండి ఖర్చు 4 పోను 8 మిగులు.

కొత్త రూల్స్‌తో ఆడేటప్పుడు రౌండు రౌండుకీ మూడే రాసుకోండి: ఎన్ని పటాలాలకు పని దొరికింది, ఎవరి దగ్గర, పెట్టెలో ఎంత ఉంది. సగటున రెండు పటాలాలకు కూడా పని దొరకకపోతే ధర తగ్గించకండి, రాజుల పోషణ ఖర్చు తగ్గించండి, వాళ్ల చేతిలో డబ్బు లేకే పిలవడం లేదు. నాలుగు పటాలాలూ ప్రతి రౌండూ పనిలోనే ఉంటే తిండి ఖర్చును పటాలానికి 2 చేయండి. ఎనిమిదో రౌండుకు పెట్టెలో 30 దాటితే 35 అన్న గురిని 40కి జరపండి, 15 లోపే ఉంటే 30కి దించండి. ఒక ఆటకు ఒక్క అంకే మార్చాలి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. నాయకుడి కుర్చీ ప్రతి ఆటకూ మారాలి, లేకపోతే మీరు కొలిచేది రూల్‌ని కాదు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని.

ఒకరు రాని రోజున ముగ్గురు రాజులతో ఆడాలంటే పటాలాలు మూడు, మొదట పెట్టెలో 6, గెలుపుకు 26 వరహాలు, తేడా 2 గడులు. ముగ్గురు రాజుల పనీ చేసి ఉండాలన్న షరతు మాత్రం అలాగే ఉంచండి. ముగ్గురిలో ఒకరిని వదిలేయొచ్చంటే నాయకుడు మిగతా ఇద్దరి మధ్యే తిరుగుతాడు, మూడోవాడు ఆరో రౌండుకే ఆటలోంచి పోతాడు.